సిన్నమ్మ అమ్మిన మాటలు

మా అమ్మ చెల్లెల్ని నేను సిన్నమ్మ అనేదాన్ని. ఒడిశా తీరాన ఉన్న మా పొడంపేటలో మా వాళ్ళందరూ అలాగే అంటారు. ఆవిడంత మాటకారి మా ఊళ్ళో ఇంకొకరు లేరు. ఎండు చేపల గంప కిందికి దించినప్పటి నుంచి మళ్ళీ నెత్తికెత్తుకొనేదాకా ఆ నోరు ఆగేది కాదు. బస్సు కండక్టర్లతో ఒడియాలో దెబ్బలాడేది, బేరానికొచ్చినవాళ్ళతో రెండు భాషలూ కలిపి పరాచికాలాడేది, ఎండబెట్టిన చేపల మీద వాలే కాకులతో మాత్రం తెలుగే. ఆ మాటలకు డబ్బులొస్తాయని ఆవిడకు చెప్పింది నేను. ఈ సంగతి రాద్దామని చాలాసార్లు కూర్చుని, రాయలేక లేచిపోయాను.

అప్పటికి కొన్నేళ్ళుగా నేను బరంపురంలో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే ఒక కొట్లో పనిచేస్తున్నాను. పాన్ కార్డులు, పరీక్ష ఫీజులు, కులం సర్టిఫికెట్లు. జనం కాగితాలు పట్టుకొని నిలబడితే నేను టైపు చేసేదాన్ని. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఆ పనులు చాలామంది సొంతంగా చేసుకోసాగారు. కొట్టు యజమాని ముగ్గురిలో ఇద్దరిని మాన్పించాడు. ఆ ఇద్దరిలో నేనొకదాన్ని.

పని వెతుక్కుంటున్న ఆ రోజుల్లో ఫోన్లో ఒక ప్రకటన కనిపించింది. గంజాం జిల్లాలో ఉంటూ, తెలుగు చదవడం రాయడం వచ్చినవాళ్ళు కావాలని. ఆ రెండూ ఉన్నవాళ్ళు ఇక్కడ తక్కువ. మా పల్లెల్లో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. తెలుగు అక్షరాలు వాళ్ళకు గీతల్లాగే కనిపిస్తాయి. మా నాన్న మాత్రం పట్టుబట్టి నన్ను ఆంధ్రా సరిహద్దులోని ఇచ్ఛాపురంలో హాస్టల్లో వేసి పదో తరగతిదాకా తెలుగులో చదివించాడు. ఆ చదువు అప్పటిదాకా దేనికీ పనికిరాలేదు.

ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఒక సూపర్‌వైజరు మాట్లాడాడు. ఎక్కడో పెద్ద నగరంలో ఉన్నాడు. వార్తలు చదివేవాళ్ళ తెలుగు.

"మాట వింటే పనిచేసే యంత్రాలుంటాయి కదా మేడమ్, వాటికి మేము భాష నేర్పుతాం. మీ తీరం వాళ్ళ తెలుగు మా దగ్గర అసలు లేదు. ముప్ఫై మందిని చూడండి. ఒక్కొక్కరూ కొన్ని గంటలు మాట్లాడాలి. ఫోన్లో రికార్డు చేసి యాప్‌లో పెట్టండి. అప్రూవ్ అయిన ప్రతి గంటకూ డబ్బు నేరుగా వాళ్ళ ఖాతాలో పడుతుంది. మీకు కమిషన్ వస్తుంది."

అప్రూవ్ అన్న మాట నేను విన్నాను. విని కూడా పట్టించుకోలేదు. మా తీరం తెలుగు కావాలని ఒకళ్ళు అడగడం నా చెవులకు అంత కొత్తగా ఉంది.

మర్నాడే ఊరికి వెళ్ళాను. అవి వేట నిషేధం నెలలు. తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వస్తాయని ఆ నెలల్లో పడవలు కదలనివ్వరు. మగవాళ్ళు సగం మంది కేరళ రేవులకు పనికి పోయారు. చేపే లేకపోతే ఎండబెట్టడానికి ఏముంటుంది. పాత ఊళ్ళోకి సముద్రం వచ్చేశాక వెనక కట్టిన కాలనీలో ఆడవాళ్ళు గుమ్మాల్లో ఊరికే కూర్చుని ఉన్నారు.

"మాటాడితే డబ్బులేటే?" అంది సిన్నమ్మ. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఓలమ్మో, అలగైతే మీ సిన్నాన్న బతికున్నప్పుడే నాను కోటీశ్వర్రాల్నయిపోదును."

పక్కింటావిడ నమ్మలేదు. "మన మాటలు ఆలకేల? ఆలకి మాటల్లేవేటి?"

నేను ఊళ్ళోకి వస్తే ఊరి మాటే మాట్లాడతాను. "రేపు అన్నీ ఫోన్లకి సెప్పే సేయించుకోవాల. బేంకు పనైనా, రేషను పనైనా. దానికి మన మాట తెల్దు. మనం మాటాడితేనే నేర్చుకుంతాది," అన్నాను. అప్పుడు నేను దాన్ని నిజంగా నమ్మాను. కమిషన్ కోసం అన్న మాట కాదది. కమిషన్ అక్కర్లేదని కూడా కాదు.

సిన్నమ్మ ముందుకొచ్చింది కాబట్టి మిగిలినవాళ్ళూ వచ్చారు. రెండ్రోజుల్లో ముప్ఫై మందీ దొరికారు.

యాప్ తెరవగానే ఒక ఒప్పందం వచ్చేది. అంతా ఇంగ్లీషు. వేలితో ఎంత పైకి తోసినా తరిగేది కాదు. చివర ఒక గడి.

"ఏటి రాసున్నాది?" అని సిన్నమ్మ అడిగింది.

"నువ్వు మాటాడ్డానికి ఒప్పుకుంతన్నావని."

అది అబద్ధం కాదు. అందులో రాసి ఉన్నది అదొక్కటే కాదని కూడా నాకు తెలుసు. నేను చదవలేదు. ముప్ఫై మంది తరఫున ముప్ఫైసార్లు ఆ గడిలో టిక్కు పెట్టింది నా వేలు.

మా ఊళ్ళో సముద్రం హోరు వినిపించని చోటు లేదు. రికార్డింగులో చప్పుడు ఉండకూడదన్నారు. తుపాను షెల్టరు పైగదిలో కిటికీలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపేసి, తలుపు వేసుకొని కూర్చున్నాం. లోపల ఒకళ్ళు మాట్లాడుతుంటే మిగిలినవాళ్ళు మెట్ల మీద వంతు కోసం చూసేవాళ్ళు. చెమటకి ఫోను చేతిలోంచి జారిపోయేది.

మొదట యాప్‌లో వచ్చే వాక్యాలు చదవాలి. వాళ్ళకు చదవడం రాదు గనుక నేను చదివితే వాళ్ళు తిరిగి అనాలి.

"పడకగదిలో ఏసీ ఆపు."

"దగ్గరలో ఉన్న మంచి కాఫీ షాపు చూపించు."

"రేపు ఉదయం విమానాశ్రయానికి వెళ్ళాలి, కారు పిలువు."

ఒక్కో వాక్యానికి మెట్ల మీదదాకా నవ్వులు వినిపించేవి. "ఇమానం ఎక్కేటప్పుడు ఎండు సేపల గంప పట్టనిస్తారో నేదో అడగవే దాన్ని," అంది సిన్నమ్మ. ఆ నవ్వులవల్ల చాలా వాక్యాలు రెండేసి మూడేసి సార్లు చెప్పించాల్సి వచ్చింది.

తరవాత సొంతంగా మాట్లాడే భాగం. మీ పని గురించి చెప్పండి, మీరు చూసిన ఒక సంఘటన చెప్పండి, అని అడుగుతుంది యాప్. కొందరు రెండు ముక్కలు చెప్పి సిగ్గుపడి ఆగిపోయేవాళ్ళు. సిన్నమ్మ అలా కాదు. ఏ చేప ఎన్నిసార్లు తిరగేయాలో, వాన మబ్బు పడితే ముందు ఏది లోపలికి తియ్యాలో చెప్పింది. వాసనని బస్సు ఎక్కనివ్వకపోతే గంపతో రంభ ఊరిదాకా నడిచిన రోజు చెప్పింది. తుపానుకు ఇంటి కప్పు లేచిపోయిన రోజు చెప్పింది. కూతురు కడుపులో ఉన్నప్పటిది ఒకటి, మొగుడు పోయిన ఏడాదిది ఒకటి చెప్పింది. టైము అయిపోయిందని ఫోను కూస్తే, "అప్పుడేనా? ఇంకా అసల్ది సెప్పనేదు," అనేది. మర్నాడు మళ్ళీ వచ్చేది. వారం రోజుల్లో అందరికన్నా ఎక్కువ గంటలు ఆవిడవే అయ్యాయి.

ఆ వారం ఊరు కొంచెం వేరుగా ఉండింది. గదిలోంచి బయటికొచ్చిన ప్రతి ఆడమనిషీ తను ఏం చెప్పిందో మెట్ల మీద మిగతావాళ్ళకు మళ్ళీ చెప్పేది. మనం చెప్పేది వినడానికి ఎక్కడో ఎవరో కాచుకొని ఉన్నారన్న ఆలోచన వాళ్ళకు బాగుంది. నాకూ బాగుంది.

చివరి రోజు సిన్నమ్మ నన్ను పక్కకు పిలిచి నోరు తెరిచి చూపించింది. మా వైపు ఆడవాళ్ళు చాలామంది అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకొని. ఆవిడకు పెళ్ళికి ముందు నుంచీ అలవాటు. అంగిట్లో తెల్లటి మచ్చ, మధ్యలో ఎర్రగా పుండు.

"ఈ డబ్బులొస్తే బరంపురంలో సూపించుకుంతాను. ముందు గుంటకి సెప్పకు, కంగారుపడతాది," అంది. గుంట అంటే కూతురు, నాకు చెల్లెలి వరస. రొయ్యల ఫ్యాక్టరీలో పనికి ఆంధ్రా వైపు వెళ్ళి అక్కడే ఆడపిల్లల హాస్టల్లో ఉంటోంది.

"డబ్బులు రాకపోయినా సూపించుకో," అన్నాను. అని బస్సెక్కి వచ్చేశాను.

రెండు వారాలకు యాప్‌లో ఫలితాలు వచ్చాయి. ముప్ఫై మంది పేర్ల ఎదురుగా ఎర్ర గుర్తులు. కారణాలు ఇంగ్లీషులో: ఉచ్చారణ తప్పు, వేరే భాష కలిసింది, మాట స్పష్టంగా లేదు. పచ్చ గుర్తు ఒక్కదానికే ఉంది. యాప్ ఎలా పనిచేస్తుందో చూడడానికి మొదటి రోజు నేను చదివి పంపిన నాలుగు నిమిషాల రికార్డింగది. నేను హాస్టల్లో నేర్చుకొన్న పుస్తకాల తెలుగు.

సూపర్‌వైజరుకు ఫోన్ చేశాను.

"వాళ్ళు 'చ'ని 'స' అంటున్నారు మేడమ్. 'వెళ్ళు' అనమంటే 'ఎల్లు' అంటున్నారు. మధ్యలో ఒడియా మాటలు వస్తున్నాయి. క్వాలిటీ టీమ్ ఒప్పుకోవట్లేదు."

"మీరు అడిగిందే మా తీరం తెలుగు కదండీ. మా తీరంలో అలాగే అంటారు."

"నాకు తెలుసు మేడమ్. కానీ వాళ్ళకిచ్చిన రూల్స్‌లో స్పష్టమైన ఉచ్చారణ అని ఉంది. రూల్స్ రాసినవాళ్ళు వేరు, మిమ్మల్ని తెమ్మన్నవాళ్ళు వేరు." గొంతు తగ్గించి అన్నాడు. "మీ ముప్ఫై మందీ పోతే నాకూ ఏమీ రాదు. నాది కూడా జీతం కాదు. మళ్ళీ చేయించండి. కొంచెం సరిగ్గా పలికించండి. అవుతాయి."

సరిగ్గా పలికించడానికి మళ్ళీ ఊరికి వెళ్ళాను. అక్కడే ఆపేసి ఉంటే బాగుండేది. ఆ సంగతి ఇప్పుడు తెలుస్తోంది.

ఎనిమిదిమందే మళ్ళీ వచ్చారు. పైగదిలో బొంతల మధ్య వాళ్ళను వరసగా కూర్చోబెట్టి చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాను. "సెప్పు కాదు, చెప్పు. సూడు కాదు, చూడు. ఎల్లు కాదు, వెళ్ళు." నోరు ఎలా తెరవాలో, నాలుక ఎక్కడ ఆనాలో చూపించాను. వాళ్ళు అన్నారు. ఈసారి మెట్ల మీద నవ్వులు లేవు.

సిన్నమ్మ వంతు వచ్చింది.

"చెప్పు," అన్నాను.

"సెప్పు."

"చ. నాలుక పైకి తగలాల, సిన్నమ్మా. చెప్పు."

"చె...ప్పు." మొహం చిట్లించింది. "సుర్రుమంటందే అమ్మీ."

"ఇంకోపాలి. చూడు."

నేను ఎన్నిసార్లు అనిపించానో గుర్తు లేదు. చాలాసార్లు. 'చ' అనాలంటే నాలుక అంగిలికి కొట్టుకోవాలి. అక్కడే పుండు ఉంది. ఆవిడ దాన్ని నాకు నోరు తెరిచి చూపించింది కూడా. అయినా ఆ మధ్యాహ్నం నాకు స్ఫురించలేదు. పలకడం రాక తంటాలు పడుతోందనుకున్నాను. మధ్యలో ఒకసారి విసుక్కున్నాను కూడా.

ఆఖరికి ఎలాగో 'చ' పలికింది. "ఇప్పుడు తుపాను సంగతి చెప్పు సిన్నమ్మా, అలాగే, నెమ్మదిగా," అని ఫోను ముందు పెట్టాను. ఆవిడ మొదలుపెట్టింది. ప్రతి మాట ముందూ ఆగుతోంది. ఏ మాటలో 'చ' వస్తుందో ముందే వెతుక్కుంటోంది. కప్పు లేచిపోవడం దగ్గరికి రాకుండానే ఆగిపోయింది. యాప్‌లో టైము నడుస్తోంది. ఎన్నడూ ఆగని ఆ నోటికి మాట దొరకలేదు.

"నా మాట తప్పని ఇన్నాల్లూ ఎవులూ సెప్పనేదే," అంది. కోపంగా కాదు. తెలియని సంగతి తెలిసినట్టు అంది. లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకొని, గోడ పట్టుకొని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మిగిలిన ఏడుగురివీ పంపాను. రెండు అప్రూవ్ అయ్యాయి. వాటి డబ్బు పడకముందే ఒకరోజు యాప్ తెరిస్తే, ప్రాజెక్టు ముగిసింది, మీ సహకారానికి ధన్యవాదాలు, అని వచ్చింది. సూపర్‌వైజరు ఫోను ఎత్తలేదు.

ఊళ్ళోవాళ్ళకు నేనే వెళ్ళి చెప్పాను. షెల్టరు ముందు ఆడవాళ్ళందరూ చుట్టూ నిలబడ్డారు. చేపల బేరంలో నోరు పెట్టుకొని బతికే మనుషులు, వాళ్ళు తిట్టడం మొదలుపెడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. పెద్దగా తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉండింది.

"డబ్బుల్లేవు సరే. మా మాటలు తిరిగిచ్చీమను," అంది పక్కింటావిడ.

"అవి ఆల దగ్గరే ఉంటాయి," అన్నాను. అప్పటికి ఆ ఒప్పందం మొదటిసారి పూర్తిగా చదివి ఉన్నాను. తీసుకొన్నా, తీసుకోకపోయినా, పంపిన ప్రతి గొంతూ వాళ్ళదేనని అందులో ఉంది.

"తప్పు మాటలని తోసీసినారు కదా. మరాలకేలా?"

సిన్నమ్మ ఆ గుంపులోకి రాలేదు. నేనే వాళ్ళింటికి వెళ్తే అన్నం పెట్టింది. ఆ సంగతి ఎత్తలేదు. తిన్నాక, "నువ్వేటి సేస్తావు. నీకూ అలగే సెప్పినారు," అని మాత్రం అంది.

తరవాత నెల తిరక్కుండా సూపర్‌వైజరు తనే ఫోన్ చేశాడు. "మీ రీడింగ్‌కి మంచి స్కోరు వచ్చింది మేడమ్. చెకింగ్ పని చేస్తారా? వేరే జిల్లాల రికార్డింగులు వస్తాయి. విని ఓకేనో కాదో నొక్కాలి. ఇంట్లోనే కూర్చుని చేయొచ్చు." మా ముప్ఫై మంది సంగతి అడిగాను. అది క్లోజ్ అయిపోయిందన్నాడు. నేను గది అద్దె కట్టి రెండు నెలలైంది. సరే అన్నాను. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

రోజంతా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని కూర్చునేదాన్ని. మొదట్లో మా వైపు మాటలాంటివి వస్తే ఓకే నొక్కేదాన్ని. కానీ ముందే ఎవరో పరిశీలించి పెట్టిన రికార్డింగులు కొన్ని వాటిలో కలిపి పంపుతారు, మనం సరిగ్గా నొక్కుతున్నామో లేదో చూడ్డానికి. వాళ్ళు కాదన్నదాన్ని మనం ఔనంటే మన స్కోరు పడిపోతుంది. స్కోరు పడితే పని రావడం తగ్గుతుంది. రెండోవారం రెండు రోజులు అసలు పనే రాలేదు. ఆ తరవాత నుంచి నేను కూడా కాదనే నొక్కాను.

అదే రోజుల్లో సిన్నమ్మ బరంపురం వచ్చింది. అన్నం మింగడం కష్టంగా ఉందని, పెద్దాసుపత్రిలో చూపించమని. పుండులోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా నా గదిలోనే ఉంది. చిక్కిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మెల్లగా మాట్లాడుతోంది.

ఓ పొద్దున్న నేను పని చేసుకొంటుంటే మంచం మీద నుంచి అడిగింది.

"చెవుల్లో ఏటది? పాటలా?"

ఆవిడ నోట 'సెవులు' రాలేదు, 'చెవులు' వచ్చింది. తెలిసి అందో, అలవాటు పడిపోయి అందో నాకు ఇప్పటికీ తెలియదు. హెడ్‌ఫోన్లు తీసి ఆవిడ చెవికి పెట్టాను. ఒక ముసలావిడ మాట్లాడుతోంది, శ్రీకాకుళం వైపు పొలం పనుల గురించి. సిన్నమ్మ మొహం వెలిగింది.

"మన మనిసే! ఎంత బాగా సెప్తందో సూడు. ఆవు ఈనిందంట, దూడ అడ్డం తిరిగిందంట..." అంటూ చివరిదాకా విన్నది. దూడ బతికిందని నాకు చెప్పింది. "అయితే ఇప్పుడు నువ్వేటి సెయ్యాల?"

"బాగుందో బాగోనేదో సెప్పాల."

"బాగుంది కదా?"

కింద సెకన్లు తరిగిపోతున్నాయి. టైము దాటితే అది కూడా స్కోరులోంచి పోతుంది. నేను కాదని నొక్కాను. తెర మీద ఎర్రగా వెలిగింది. ఆ ఎరుపు ఏమిటో సిన్నమ్మకు తెలుసు. తన పేరు ఎదురుగా ఉన్నది నేనే ఊళ్ళో అందరికీ చూపించాను.

ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి మంచం మీద పెట్టింది. గోడ వైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం గంజి ఇస్తే తాగింది. నేను ఏదో చెప్పబోతే, "వద్దే తల్లీ. నీ పని నువ్వు సేసుకో," అంది.

అది క్యాన్సరన్నారు. కటక్ తీసుకెళ్ళాం. చెల్లెలు ఫ్యాక్టరీలో సెలవు దొరక్క పని మానేసి వచ్చింది. అంగిలి చాలా భాగం తీసెయ్యాల్సి వచ్చింది. డాక్టర్లు మాతో మంచిగానే మాట్లాడారు, చేయగలిగింది చేశారు. ఆలస్యంగా వచ్చారని మాత్రం అన్నారు. ఆలస్యం ఎందుకైందో నాకు తెలుసు. ఆవిడ ఒక డబ్బు కోసం చూసింది. అది వస్తుందని చెప్పింది నేను.

ఆపరేషన్ తరవాత ఆవిడ మాట ముక్కులోంచి వచ్చేది. ఏమంటోందో ఒక్క చెల్లెలికే అర్థమయ్యేది. కొన్నాళ్ళకు ఆవిడే మాట్లాడ్డం మానేసింది. ఊరికి తీసుకొచ్చాక గుమ్మంలో కూర్చుని కాకుల్ని చేత్తో అదిలించేది. ఆపరేషన్ అయిన ఆరో నెలలో పోయింది.

పదకొండో రోజు కార్యం అయ్యాక చెల్లెలు నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"అక్కా, అమ్మ గొంతు నా కాడ నేదు. ఫోన్లో రోజూ మాటాడుకున్నాం గానీ ఒక్కటీ దాసుకోనేదు. నువ్వు అన్ని గంటలు ఎక్కించినావంట కదా. ఒక గంట ఇప్పించు."

నా ఫోన్లో లేవు. యాప్ నేరుగా తనలోకే తీసుకొనేది, నా దగ్గర ఏదీ మిగల్చదు. సూపర్‌వైజరును అడిగితే తను ఆ కంపెనీలో లేనన్నాడు. కంపెనీకి మెయిల్ పెట్టాను. చనిపోయిన మనిషి గొంతు, కూతురు అడుగుతోంది, డబ్బు వద్దు, ఒక్క గంట ఇవ్వండి అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశాను. వారానికి జవాబు వచ్చింది. మర్యాదగా ఉంది. ఒప్పందం ప్రకారం ఇచ్చిన సమాచారం తిరిగి ఇవ్వడం కుదరదని, విడిగా ఒక మనిషి గొంతును వెతికి తీసే వీలు కూడా లేదని, మీ నష్టానికి చింతిస్తున్నామని. కింద మనిషి పేరు లేదు. ఇంకో నాలుగు మెయిళ్ళు పెట్టాను. జవాబు రాలేదు. కొన్నాళ్ళకు నాకు చెకింగ్ పని రావడం కూడా ఆగిపోయింది. మెయిళ్ళ వల్లో, స్కోరు వల్లో తెలియదు. అడగడానికి ఎవరూ లేరు.

చెల్లెలు మళ్ళీ ఫ్యాక్టరీ పనికి బయల్దేరిన రోజు బరంపురం బస్టాండులో కలిశాను. మెయిల్ సంగతి చెప్పాను. ఏడవలేదు. సంచి ఒళ్ళో పెట్టుకొని అడిగింది.

"పోనీ అమ్మ ఏటేటి సెప్పిందో నువ్వు సెప్పు. పక్కనే ఉన్నావు కదా. నా గురించి ఏటైనా సెప్పిందా?"

"సెప్పింది. నువ్వు కడుపులో ఉన్నప్పటిది ఏదో సెప్పింది."

"ఏటి?"

గుర్తు తెచ్చుకోవాలని చూశాను. పైగది, బొంతలు, చెమట, ఆవిడ చేతులు ఊపడం అన్నీ కళ్ళ ముందు ఉన్నాయి. మాట లేదు. ఆ వారమంతా నేను చూసింది ఫోను తెర. గొంతు ఎంత పెద్దగా ఉందో చూపించే గీత హద్దు దాటి పైకి పోతోందా, టైము ఎంతైంది, బయట కుక్క మొరిగింది వినిపించిందా. ఆవిడ చెప్పేది నేను వినలేదు. వినాల్సింది యంత్రం కదా అనుకున్నాను.

"గుర్తు నేదు," అన్నాను.

చెల్లెలు తిడుతుందనుకున్నాను. ఇచ్ఛాపురం మీదుగా వెళ్ళే బస్సు వచ్చింది. సంచి భుజానికి తగిలించుకొని లేచింది. కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు కదిలేదాకా నేను కింద నిలబడ్డాను. తను ముందుకే చూస్తూ కూర్చుంది.